నాలుగో బ్యాటరీ కూడా కూసింది

గుండ్లవరం కోటలో ఏలినవారికి మధ్యాహ్నం నిశ్చింతగా కునుకు పట్టి రెండు వారాలు దాటింది.

కారణం దొంగ కాదు. దొంగ రాకుండానే వచ్చాడని కూసే గంట. రాజా నరహరిదేవుగారు తాతలనాటి కత్తి ఉన్న ఆయుధాల గదికి ముచ్చటపడి ఆ కరెంటు గంట పెట్టించారు. కరెంటు పోయినా మోగాలని దానికో బ్యాటరీ, బ్యాటరీకో చార్జరు. కొత్త బ్యాటరీ వేస్తే మూడు రోజులు గమ్మున ఉంటుంది. నాలుగో రోజు, భోజనాలయ్యాక, కోట దద్దరిల్లేలా కూస్తుంది. ఏలినవారు నిద్రమొహంతో వచ్చి, తాళం తీసి, లోపలి స్విచ్చిలన్నీ వేయగానే నోరు మూసుకుంటుంది. కత్తి కత్తి చోటే ఉంటుంది.

నాలుగో బ్యాటరీ కూడా కూసిన రోజు ఏలినవారు సభ పెట్టారు. ఈ కూత ఆపినవాడికి పట్టుశాలువా, కోరిన కోరిక అన్నారు.

ఇంజనీరు భుజంగరావు లేచాడు. మదరాసులో చదివి వచ్చినవాడు. ఆ సంగతి రోజుకోసారి చెప్పకపోతే అన్నం అరగదు. కూత ఆగాక తాను వెళ్ళి చూసిన ప్రతిసారీ చార్జరు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉందనీ, కాబట్టి యంత్రంలో లోపం లేదనీ తేల్చాడు. మరి లోపం ఎక్కడ? కత్తి ముందు పొద్దున్నే పెట్టే నూనెదీపంలో. ఆ పొగకి బ్యాటరీలు పాడవుతున్నాయి.

సభ అంతా దీపాల ఎరకయ్య వైపు తిరిగింది.

ఎరకయ్యకి డెబ్బై ఏళ్ళు. నలభై ఏళ్ళుగా ఆ దీపం ఆయనదే, అంతకు ముందు వాళ్ళ నాన్నది. చదువు రాదు. కానీ వత్తి వెంట్రుకవాసి పక్కకి ఉంటే తీసి మళ్ళీ వేస్తాడు. మూడేళ్ళ కిందట ఇదే భుజంగరావు తన పక్కన నిలబడి ముక్కు మూసుకున్నాడు. ఏ రోజు, ఏ స్తంభం దగ్గర, ఏ చేత్తో మూసుకున్నాడో ఎరకయ్యకి ఇప్పటికీ జ్ఞాపకమే.

"శుక్రవారం దాకా చూస్తాను," అన్నారు ఏలినవారు. "తప్పు దీపానిది కాదని చూపించు. లేకపోతే సెమ్మె తెచ్చి అప్పగించు."

దీపం నిలబెట్టే ఆ సెమ్మె అప్పగించాక ఎరకయ్యకి కోటలో నిలబడే చోటు లేదు.

ఆయన నేరుగా ఇంజనీరు దగ్గరికే వెళ్ళి, బ్యాటరీ ఏం తింటుంది బాబూ అని అడిగాడు. కరెంటు తింటుంది అన్నాడు భుజంగరావు. ఎప్పుడు తింటుంది? ఎప్పుడూ తింటూనే ఉంటుంది తాతా, నీకు అర్థం కాదులే, వెళ్ళి వత్తులు చేసుకో అన్నాడు.

అదీ లెక్కలో వేసుకుని, ఎరకయ్య ఆ మధ్యాహ్నం ఆయుధాల గది గవాక్షంలోంచి లోపలికి చూశాడు. తాళం వేసిన గది. చార్జరు మీద ఎర్రదీపం లేదు. చీకటి.

ఆరిన దీపం చూస్తే ఎరకయ్య మొదట నూనె చూస్తాడు. నూనె లేకపోతే ఎవరు పోయలేదో చూస్తాడు. చూడగానే అర్థమైంది. అర్థమైనది నోటితో చెప్పే విషయం కాదనీ అర్థమైంది.

శుక్రవారం పొద్దున ఏలినవారు రోజూలాగే కళ్ళు మూసుకుని కత్తికి మొక్కుతుండగా, ఎరకయ్య దీపం వెలిగించి, మసి కాస్త నూనెలో కలిపి నల్లటి స్విచ్చిబోర్డులో చార్జరు స్విచ్చికి పూశాడు. నలుపు మీద నలుపు. తర్వాత దణ్ణం పెట్టి బయటికి వచ్చేశాడు.

సభ నిండింది. ఏలినవారు వచ్చి కూర్చున్నారు. వారిని చూసి మంత్రిగారు నేల చూపులు చూశారు. సేనాపతికి దగ్గు వచ్చింది.

బ్యాటరీకి ఎవరో తిండి ఆపేస్తున్నారని ఎరకయ్య విన్నవించాడు. చార్జరు స్విచ్చి రోజూ ఎవరో ఆర్పుతున్నారు, ఇవాళ ఆర్పిన వేలికి మసి ఉంటుంది, అందరూ చేతులు చూపించాలి అన్నాడు.

భుజంగరావు అందరికంటే ముందు తన రెండు చేతులూ చాపాడు. మల్లెపువ్వుల్లా ఉన్నాయి.

"మసి ఎవరి వేలికి ఉంటే వాణ్ణి ఇవాళే కోట దాటించాలి," అన్నాడు. "ఎంతటివాడైనా సరే."

"ఎంతటివాడైనా సరే," అన్నారు ఏలినవారు, తెల్లటి మీసం మెలితిప్పుతూ.

చేతులన్నీ చూశారు. మంత్రిది శుభ్రం. సేనాపతిది శుభ్రం. వంటవాళ్ళవి, కాపలావాళ్ళవి, అన్నీ శుభ్రం. ఎరకయ్య అద్దం తెచ్చి సింహాసనం ముందు పట్టుకున్నాడు.

కుడివైపు మీసం నల్లగా ఉంది. ఎడమవైపు తెల్లగా ఉంది. ఏలినవారు మీసం చూసుకున్నారు, తర్వాత వేలు చూసుకున్నారు.

"అంటే దొంగ నేనా, ఎరకయ్యా?"

ఎరకయ్య చెయ్యి ఎత్తి సభామంటపం గుమ్మం మీది బోర్డు చూపించాడు. కోటలో ప్రతి గుమ్మానికీ అదే బోర్డు, ఏలినవారు రాయించిందే: గది విడిచేవారు స్విచ్చిలన్నీ ఆర్పి వెళ్ళవలెను.

"ఈ కోటలో ఏలినవారి ఆజ్ఞ తప్పకుండా పాటించేది ఒక్కరే ప్రభూ. ఏలినవారే."

ముందు మీసం కదిలింది, తర్వాత భుజాలు. తర్వాత సింహాసనమే ఊగింది. అంతదాకా ఆపుకున్న సభ ఒక్కసారిగా పగలబడి నవ్వింది. సేనాపతి దగ్గు అప్పుడు గానీ తగ్గలేదు.

"మరి మన ఇంజనీరుగారు నన్ను కోట దాటించమంటున్నారే," అన్నారు ఏలినవారు కళ్ళు తుడుచుకుంటూ. భుజంగరావు చాపిన చేతులు ఇంకా చాపే ఉన్నాయి.

పట్టుశాలువా ఎరకయ్య భుజాల మీద పడింది. కోరిక అడగమన్నారు. ఆయుధాల గది బోర్డు కింద 'బ్యాటరీ స్విచ్చి తప్ప' అని ఇంజనీరుగారి చేత్తోనే, ఇప్పుడే రాయించమన్నాడు ఎరకయ్య. ముక్కు మూసుకున్న చేత్తో, అంటే ఎడమ చేత్తో.

సభ అంతా వెనకే నడిచింది. భుజంగరావు నిచ్చెనెక్కి, చెమటలు కక్కుతూ రాసి దిగాడు. ఎరకయ్య రెండడుగులు వెనక్కి జరిగి తల వంచి చూశాడు.

"నాకు అక్షరం రాదు బాబూ. వంకర మాత్రం తెలుస్తుంది. చెరిపి మళ్ళీ రాయండి."