గట్టి ద్వారం

ఒకానొక రాజ్యంలో, యుద్ధం గెలవకముందే విజయద్వారానికి ముహూర్తం పెట్టించిన రాజు ఉండేవాడు. పేరు ఉద్దండ భూపాలుడు. ఏడాది పట్టే రాతి కమానును మూడు నెలల్లో లేపించాడు. దాని కింద నుంచి రెండువేల సైన్యం ఊరేగాలి.

ఊరేగింపు ముందురోజు మేస్త్రి అయితోజు సభకొచ్చి చేతులు జోడించాడు.

"ప్రభూ, లోపల సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. ద్వారం గట్టిది కాదు. కింద ఊతంగా పెట్టిన దుంగలు ఇప్పుడే తీయించకండి."

రాజు కళ్లెర్రజేశాడు. "నా పేరు చెక్కిన ద్వారం గట్టిది కాదా? శేషావధానిగారూ, గట్టి అంటే ఏమిటో వీడికి చెప్పండి!"

ఆస్థాన పండితుడు శాలువా సర్దుకున్నాడు. "గట్టి పెరుగు, గట్టి గింజ, గట్టి మనిషి, గట్టి దెబ్బ. ఎక్కడ వాడినా ఆ మాట బలాన్నే చెబుతుంది. ప్రభువుల ఆజ్ఞను మించిన బలమేముంది? కనుక ద్వారం గట్టిదే."

సభ భళా అంది. అశుభం పలికినందుకు అయితోజుకు ఉరి పడింది. రేపే, ఆ ద్వారం ఎదుటే.

విదూషకుడు బొప్పన నోరు మెదపలేదు. తనకు ముందు ఆ కొలువు చేసినవాడు రాజుకు ఎదురుచెప్పి కోట కందకంలో తేలాడని అతనికి తెలుసు.

తెల్లవారాక అయితోజు మెడకు తాడు తగిలించారు. అప్పుడు బొప్పన రాజు కాళ్లమీద పడ్డాడు.

"మహాప్రభూ, వీడికి ఉత్త ఉరి చాలదు! మీ ద్వారం ఎంత గట్టిదో కళ్లారా చూసి, కుమిలి చావాలి."

రాజుకు ఆ మాట నచ్చింది. "ఎలాగోయ్?"

"కట్టడాలవాళ్లకో ఆచారముంది. కమాను గట్టిదన్నవాడు, దుంగలు లాగేటప్పుడు దాని కిందే కూర్చుంటాడు. తమ సింహాసనం అక్కడ వేయించాను. పక్కనే అవధానిగారికి పీట."

దుంగలకు కట్టిన మోకులు అప్పటికే ఏనుగులకు బిగించి ఉన్నాయి. ఊరంతా చూస్తోంది. రాజు వెనక్కి తగ్గలేక వెళ్లి కూర్చున్నాడు.

పక్క పీట మీద కూర్చున్న అవధాని పైకి చూశాడు. సున్నపు నీటి చుక్క ఆయన బట్టతల మీద పడింది.

"బొప్పనా, గట్టి అనే మాటకు మరో వాడుక కూడా ఉంది నాయనా."

"సెలవియ్యండి."

"గట్టిపడబోయేదాన్ని కూడా మర్యాద కోసం గట్టిదనే అంటాం."

"ఎప్పటికి గట్టిపడుతుందో?"

"అది మేస్త్రినడుగు!" అంటూ అవధాని పంచె ఎగదోపి బయటికి పరుగుతీశాడు.

రాజు ఖాళీ పీటను చూశాడు. పైకి చూశాడు. ఏమీ జరగనట్టు లేచి, మెల్లగా నడిచి బయటికొచ్చి, "లాగండి" అన్నాడు.

ఏనుగులు లాగాయి. భూమి అదిరింది. దుమ్ము అణిగాక రాళ్లగుట్ట మిగిలింది. అందులోంచి సింహాసనం బంగారు కాలు ఒక్కటి పైకి పొడుచుకొచ్చి ఉంది.



"బొప్పనా," రాజు ఆ బంగారు కాలు వంకే చూస్తూ అడిగాడు, "నా రాజ్యంలో గట్టిది ఒక్కటైనా లేదా?"

"లేకేం ప్రభూ? ఆ ఉరికొయ్య ఉంది. రోజూ వాడుతున్నా చెక్కుచెదరలేదు."

రాజు కొయ్యను చూశాడు. దాని కింద మెడకు తాడుతో నిలబడ్డ అయితోజును చూశాడు. ముందు సన్నగా నవ్వాడు. తర్వాత ఆపుకోలేక, కళ్లు తడిసేదాకా నవ్వాడు. మేస్త్రిని విడిపించి, తన హారం తీసి బొప్పన మెడలో వేయబోయాడు.

బొప్పన మెడ వెనక్కి తీసుకున్నాడు. "హారం వద్దు ప్రభూ. ఆ కొయ్య ఇప్పించండి."

రాజు ఇచ్చాడు. అయితోజు దాన్ని కొత్త కమాను కింద ఊతంగా నిలబెట్టాడు. సున్నం ఆరడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా ఆ రాజ్యంలో ఎవరినీ ఉరితీయడానికి కొయ్య లేదు.