ఉలిక్కిపడని గీత

ప్రొఫెసర్ హైమవతిగారిని ప్రశ్న అడిగితే జవాబు నోటితో రాదు. ఏదో ఒక పని చేయిస్తారు. ఆ సంగతి తెలిసీ, వాదనలో ఓడడం అలవాటులేని శిష్యురాలు నస్రీన్ ఆవేళ అడగనే అడిగింది.

"మేడమ్, మన మెదడు పరీక్షలో మామూలు బీప్‌ల మధ్య ఎప్పుడో ఒకటి వేరే బీప్ వస్తుంది. అది వినగానే తెరమీద మెదడు గీత గుట్టలా లేవాలి. కరుణాకర్‌ది లేవదేం? శ్రద్ధ పెట్టడం లేదనేగా?"

కరుణాకర్ పాలిటెక్నిక్ కుర్రాడు. ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నట్టు కొన్ని నెలలుగా చెవిలో వినిపిస్తోంది. స్కిజోఫ్రీనియా తొలిదశ. "రోగమా పాడా, వట్టి బద్ధకం. మీరూ అదే మాటంటే మందులు మాన్పించి మిరప కోతకి తోలతా" అని వాళ్ల నాన్న పొద్దున్నే తేల్చేసి, వరండాలో కాచుక్కూర్చున్నాడు. నస్రీన్ నోట ఆ మాట రావడమే తరువాయి.

"కూర్చో" అన్నారు హైమవతిగారు.

నస్రీన్ తలకి జిగురు రాసి తీగలు అంటించారు. వేరే బీప్ వచ్చినప్పుడల్లా మనసులో లెక్కపెట్టమని చెప్పి, టెక్నీషియన్ ఎల్లమందతో బయటికెళ్లి తలుపు దగ్గరగా వేశారు.

"ఈ పిల్ల థీసిస్ ఈ ఏడాదైనా తెములుతుందంటావా, ఎల్లమందా?"

"నోటికున్న చురుకు చేతికి లేదు మేడమ్!"

నస్రీన్ చెవులు రిక్కించింది. గొంతులు తగ్గాయి. మళ్లీ తన పేరు, ఆ వెంటనే నవ్వు. స్పీకర్లో బీప్‌లు వాటి మానాన అవి మోగుతూనే ఉన్నాయి. లెక్క ఎక్కడ జారిపోయిందో ఆమెకే తెలీదు.

కాసేపటికి తెరమీద పేర్లు లేని రెండు గీతలు పక్కపక్కన నిలిచాయి.

"ఏది ఎవరిది?"

"ఇదీ ఒక ప్రశ్నేనా మేడమ్? ఈ చచ్చుగా పడున్నది కరుణాకర్‌ది."

నవ్వు ఆపుకోబోయిన ఎల్లమందకి దగ్గు ఆగలేదు. ఆ గీత నస్రీన్‌ది.

"అన్యాయం మేడమ్! అవతల నా గురించే మాట్లాడుకుంటుంటే బీప్‌లు నాకెక్కడ పడతాయి?"

"నువ్వైతే తలుపు తీసి మమ్మల్ని కసిరేదానివి. అతను ఏ తలుపు తీస్తాడు?"

నస్రీన్ రెండు గీతలనీ మళ్లీ చూసింది. ఓడినందుకు ఈసారి కోపం రాలేదు. "అంటే, అతని గీత కూడా అందుకేనా?"

"అదో, ఇంకేదో. తెలిస్తే ఈ తీగలన్నీ ఎందుకు?"

వరండాలోంచి గట్టిగా పిలుపు: "ఏమ్మా, మావాడు శ్రద్ధ పెడతన్నాడా లేదా?"

నస్రీన్ లేచి, గుమ్మంలో ఆగిపోయింది. "ఏం చెప్పమంటారు మేడమ్?"

"నీ గీత చూపించు. ఈ మనిషి బద్ధకస్తురాలా అని ఆయన్నే అడుగు."