మేత్రాణులకు మోగని గంట

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, రాజులు కూడా చెక్కగిన్నెల్లో గంజి తాగిన కాలంలో, మంచుకొండల సీమలో వాల్దరిక్ అనే మేత్రాణులు ఉండేవారు. మేత్రాణులంటే ఆ సీమలోని క్రైస్తవ గుళ్లన్నిటికీ పెద్ద. పదవి పెద్దదే గానీ, పాపం, ఆయనకు గుర్రం కూడా లేదు. ఇరవై రెండేళ్లుగా కాలినడకే.

ఆ చలికాలం ఆయన నిజంగా అలసిపోయారు. మోకాళ్లు పట్టేశాయి, దగ్గు వదలడం లేదు. ఏ ఊరు వెళ్లినా జనం ఆయన మొహం చూడరు, చేతులు చూస్తారు, ఏ అద్భుతం చేస్తారా అని. చివరి కొండ ఎక్కుతూ ఆయన దేవుణ్ణి అడిగింది ఒక్కటే: "ప్రభువా, ఇవాళ నన్నెవరూ ఏమీ అడక్కుండా కాసేపు కూర్చోనియ్యి."

కూర్చోనిస్తారా! ఊరు ఊరంతా గుడి ముందే ఉంది. గంట కింద గిస్లా అనే ఒంటరి ఆడమనిషి వణుకుతూ నిలబడి ఉంది.

"ఈమె దిష్టి తగిలి ఆవులు వట్టిపోయాయి స్వామీ," అన్నాడు ఊరిపెద్ద గ్రిమో. "మా గంట మహిమ గలది. నిర్దోషి కింద నిలబడితే దానంతటదే మోగుతుంది. పాత మేత్రాణుల వారు నిలబడితే ఎలా మోగిందనుకున్నారు! పొద్దు వాలేలోగా మోగకపోతే ఈమెను కొండ దాటించేస్తాం."

కొండకు అవతల మంచు తప్ప ఏమీ లేదు. దాటించడమంటే చంపడమే.

అంతలో గంట కొట్టే ఉత్తో ఆయన్ని పక్కకు లాగి గుసగుసలాడాడు. "స్వామీ, గోడ వెనక ఎవరికీ కనబడకుండా గంటకు కట్టిన తాడుంది. పాత మేత్రాణుల వారికీ నేనే లాగాను. ఇప్పుడూ లాగుతాను. ఆమె బతుకుతుంది, మీకు పేరొస్తుంది."

వాల్దరిక్ కళ్లు మూసుకున్నారు. ఒక్క లాగుడుతో అంతా అయిపోతుంది. తనూ వెళ్లి కూర్చోవచ్చు. అమ్మో, ఎంత ఆశ పుట్టిందో ఆయనకు!

"వద్దు నాయనా," అన్నారు చివరికి. "ఇవాళ ఈమెకు లాగుతావు. రేపు నువ్వు లాగని వాళ్ల గతేమిటి? నిజం నువ్వే చెప్పు."

ఉత్తో తల దించుకుని జనంలోకి జారుకున్నాడు.

వాల్దరిక్ కాళ్లీడ్చుకుంటూ వెళ్లి గిస్లా పక్కన నిలబడ్డారు. గంట మోగలేదు. జనం నోళ్లు వెళ్లబెట్టారు.

"చూశారుగా. నేనూ దోషినే. ఈమెతో పాటు నన్నూ కొండ దాటించండి. ముందు నువ్వొకసారి నిలబడు గ్రిమో."

గ్రిమో మీసం సవరించుకుంటూ వచ్చాడు. గంట ఉలకలేదు, పలకలేదు. పెద్దమనిషి మొహం పాలిపోయింది.

"గిస్లా మీద మొదట నింద వేసిందెవరు?"

బెర్తా అనే పాలావిడ మెల్లగా ముందుకొచ్చింది. నిలబడింది. చలిగాలి వీచింది తప్ప చప్పుడు లేదు. బెర్తా బావురుమంది. "అయ్యో స్వామీ, నేనేం పాపం చేశాను?"

"పొద్దుటి నుంచి నేనూ అదే అడుగుతున్నాను బెర్తా," అంది గిస్లా. "ఒక్కరైనా విన్నారా?"

ఉత్తో ఇక ఆగలేకపోయాడు. గోడ వెనకున్న తాడు విప్పి తెచ్చి అందరి ముందూ పడేసి భోరున ఏడ్చాడు. "గంటకు మహిమా లేదు, మన్నూ లేదు. అప్పుడు లాగింది నేనే!"

"ఆవులు వట్టిపోయింది మేత లేక," అన్నారు వాల్దరిక్ దగ్గుతూ. "వస్తూ దారిలో నేనూ చూశాను, వాటి డొక్కలు చూస్తే తెలియడం లేదూ? ఆ సంగతి చూసుకోండి. ఈ తల్లి కాళ్లు పట్టుకుని క్షమాపణ అడగండి."

అందరికన్నా ముందు గ్రిమోయే వంగాడు. గిస్లా వెంటనే క్షమించలేదు. ఎలా క్షమిస్తుంది? కోపంగా వాళ్లను దాటుకుని వచ్చి ముసలాయన మోచెయ్యి పట్టుకుంది.

"వీళ్ల సంగతి తర్వాత. మీరు ముందు మా ఇంటికొచ్చి కూర్చోండి తండ్రీ, నిలబడలేకపోతున్నారు."

ఆయన కూర్చున్నారు. ఆ సాయంత్రం ఆయన్నెవరూ ఏ అద్భుతమూ అడగలేదు.

కాబట్టి పిల్లలూ, అబద్ధంతో ఒకరిని కాపాడితే అదే అబద్ధం రేపు ఇంకొకరిని బలి తీసుకుంటుంది. ఎంత అలసిపోయినా సరే, నిజం పక్కనే నిలబడాలి.