కుమ్మరి పురుగులు కాపలా కాసిన బడి

ఏం చూశావో ముందు చెప్పు. ఆ మధ్య చెవులబండ దాకా పోయి వచ్చానంటున్నావు కదా! బండ నిండా ఎండిన మట్టిముద్దలు. ఒక ముద్దకు తల ఆనించి కూర్చున్న గూడబాతు పిల్ల. అంతేనా? "పిచ్చిది, మట్టితో మాట్లాడుతోంది" అని నవ్వుకుని వచ్చేశావా? పిల్లలకు చదువు చెప్పేవాడివి, కళ్లుంటే సరిపోదయ్యా! కూర్చో. ఆ మట్టి అక్కడికెలా వచ్చిందో చెబుతాను.

చెవులబండ అంటే అడవి నడుమ నిలువెత్తు రాయి. ఒళ్లంతా బిలాలు. ఒక్కో బిలానికి ఒక్కో దూరదేశపు గాలి తగులుతుంది. ఒకదానికి చెవి పెడితే మందుమొక్కల కొండ మీద ముసలి కొండముచ్చు చెప్పే వైద్యం వినబడుతుంది. ఇంకోదానికి పెడితే వరిచేలలో పిచ్చుకల కబుర్లు. ఇక్కడి నుంచి పిలిస్తే అక్కడివాళ్లూ వింటారు. ఇంత చదువు ఊరికే దొరుకుతుంటే ఎవరు వదులుకుంటారు? జంతువులన్నీ కలిసి ఆ బండ కిందే బడి పెట్టాయి. నందయ్య అనే ముసలి ఎద్దు పంతులు. కాడి మోసి మోసి మెడ కాయలు కాసింది గానీ, ఆయన ఓపిక మాత్రం ఎక్కడా అరగలేదు.

ఆ బడిలోనే ఉండేది చెంగల్వ, గూడబాతు పిల్ల. నిరుడు గుంపంతా చెరువుకు లేచిపోయే పూట దాని రెక్కకు తుమ్మముల్లు దిగింది. గుంపు ఆగదు. గాలి మళ్లిందంటే తల్లయినా ఆగకూడదు, అది వాళ్ల కట్టుబాటు. వాళ్లమ్మ మూడుసార్లు చుట్టు తిరిగి, నాలుగోసారి తిరగలేక వెళ్లిపోయింది.

పడమటి బిలానికి ఆ చెరువు గాలి తగిలేది. తెల్లవారగానే చెంగల్వ అక్కడికి చేరేది.

"చెంగల్వా, ఉన్నావా తల్లీ?"

"ఉన్నానమ్మా."

"రెక్క ఎలా ఉంది?"

"విప్పుతున్నానమ్మా. ఇంకా ఒక్క మడత మిగిలింది."

"తొందరపడకు. నేను చెప్పే దారి కంఠస్థం చెయ్యి. ఏరు వెంట రా. జంటగుట్టలు కనబడగానే ఎడమకు తిరుగు..."

గాలి నిలిచినంతసేపే మాట. గాలి తప్పితే రేపే. అలా రోజుకో మూర చొప్పున దారి నేర్చుకుంటోంది ఆ పిల్ల. మాట ఆగిపోయాక కూడా చెవి తీసేది కాదు. బిలంలోంచి వచ్చే నీటి చప్పుడు వింటే అమ్మ రెక్క కింది చేపవాసన గుర్తొచ్చేదట. ఇంకేం కావాలి దానికి!

ఇలా ఉండగా బడి మీదికి గొడవ వచ్చింది. ముందు గోరింకమ్మ ఊడిపడింది.

"పంతులూ! మావాడు నిన్న వాళ్ల నాయనమ్మను పట్టుకుని ఏమన్నాడో తెలుసా? నా నోటితో చెప్పలేను!"

"చెప్పకపోతే ఎలా తెలుస్తుందమ్మా?"

"చెబితే నువ్వు మేత మానేస్తావు! ఆ కల్లుపాక బిలం దగ్గర నేర్చాడు."

వెనకే కుందేలు. "మావాడి సంగతి చూడు. కోతులగుట్ట బిలం దగ్గర పొద్దున కూర్చుంటే పొద్దుగూకినా లేవడు. గడ్డి నోట్లో పెడితే నమలడం మరిచిపోతున్నాడు. ఈ బిలాలు మూస్తావా, మా పిల్లల్ని మానిపించమంటావా?"

నందయ్య తాపీగా నెమరు ఆపాడు. "నిజమే, కొన్ని బిలాల్లో చెత్త ఉంది. వంతులు వేసుకుని పెద్దవాళ్లం పిల్లల పక్కన కూర్చుందాం. ఏది వినాలో, ఏది వదలాలో దగ్గరుండి చెబుదాం."

కుందేలు చెవులు వాల్చింది. గోరింకమ్మకు ఉన్నట్టుండి గూట్లో పని గుర్తొచ్చింది. కూర్చోమంటే ఎవరికి తీరిక?

అప్పుడు దిగాడు నక్క జంబయ్య. "ఎందుకు పంతులుగారూ మీకీ పాట్లు? నాకు వదిలెయ్యండి."

"నువ్వు కూర్చుంటావా?"

"నేనెందుకు కూర్చోవడం? మట్టిగూళ్లు కట్టే కందిరీగలు, ఆ కుమ్మరి పురుగులు లేవూ! బొక్క కనబడితే మట్టి పెట్టడమే వాటి పుట్టుక. చెడ్డ మాటలేవో నేర్పిస్తాను. ఆ మాట వినబడిన బిలం వినబడినట్టే మూసేస్తాయి. అలుపుండదు, అలకుండదు. నాకంటారా, పూటకింత తిండి పడేస్తే చాలు."

"ఏమిటా మాటలు?"

"తిట్లెలాగూ ఉన్నాయి. ఆపైన పులి, రక్తం, చావు, ఉచ్చు, వల. పసివాళ్ల చెవిన పడాల్సిన మాటలా ఇవి, మీరే చెప్పండి!"

"బంగారం లాంటి మాట!" అన్నాయి తల్లులన్నీ.

'పులి పేరు వినకపోతే పులి నుంచి తప్పించుకునేదెలా?' అని నందయ్యకు నోటిదాకా వచ్చింది. కానీ అందరూ అంత సంబరపడుతుంటే కాదనలేక, ఆ మాటను గడ్డితో పాటు మింగేశాడు. ఓపిక మంచిదే, కానీ నోరు విప్పాల్సిన చోట ఓపిక పట్టేవాణ్ణి ఏమనాలి? నేనైతే పిరికివాడంటాను.

మర్నాడే మొదలైంది. నల్లటి నడుముల కుమ్మరి పురుగులు గుంపులుగా దిగి బిలాల అంచున కూర్చున్నాయి. కల్లుపాక బిలం మూతబడింది, మంచిదే. కొండముచ్చు "రక్తం కారితే ఈ ఆకు నూరి పెట్టు" అన్నాడు. మట్టి. జింకల బిలంలో "పులి అడుగు ఇలా ఉంటుంది" అన్నారు. మట్టి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టయింది బడి సంగతి. కోతులగుట్ట బిలం మాత్రం తెరిచే ఉంది. కోతులు పల్టీలు కొట్టి ఇకిలిస్తాయే గాని, పులి అనవు, వల అనవు. కుందేలు కొడుకు అక్కడే కూర్చున్నాడు, గడ్డి నోట్లో అలాగే ఉంది.

ఆ పొద్దున చెంగల్వ రెక్క పూర్తిగా విప్పింది. పరుగున పడమటి బిలం దగ్గరికి వెళ్లింది.

"అమ్మా! రెక్క వచ్చేసింది! మిగిలిన దారి చెప్పు!"

అమ్మ ఏడ్చినట్టుంది. తర్వాత గబగబా అంది. "విను తల్లీ, ఎడమకు తిరిగాక తాటితోపు వస్తుంది. అక్కడ దిగకు, పైపైనే దాటు. అక్కడ వల..."

మట్టి!

"అయ్యో, తియ్యండి! మా అమ్మ అది!"

"మాట వినబడింది, మట్టి పెట్టాం" అంది కుమ్మరి పురుగు.

"ఆ మాట ఎందుకు చెబుతోందో వినాలి కదా!"

"మాట వినబడింది, మట్టి పెట్టాం."

చెంగల్వ ముక్కుతో పొడిచింది. పొడిచినకొద్దీ పెట్టాయి. కుమ్మరి పురుగు మట్టి ఎండితే రాయే. నక్క దగ్గరికి పరిగెత్తింది. జంబయ్య నీడలో వెల్లకిలా పడుకున్నాడు. ఎన్ని బిలాలు మూతబడితే వాడికి అంత నిద్ర.

"నక్క మామా, పడమటి బిలం ఒక్కసారి తీయించు. ఒక్క మాట వినాలి."

"ఏ మాట?"

"వల సంగతేదో చెబుతోంది మా అమ్మ."

"చూశావా! అందుకే మూసింది. ఆడపిల్లవి, వలల ఊసు నీకెందుకే?"

"అది వినకపోతే దారి పూర్తవదు మామా."

"దారీ లేదు, డొంకా లేదు. వెళ్లి తెరిచి ఉన్నవి విను. నేను సరి చూసి ఉంచినవే అవి."

ఆ పిల్ల మట్టి ముద్దకు తల ఆనించి కూర్చుంది. రోజూ కూర్చుంది. "ఉన్నానమ్మా" అని మట్టికే చెప్పేది. నువ్వు చూసి నవ్వింది ఇదే.

ఆకలిగొన్న చెవి ఏదో ఒకటి వినక మానదు. ఒకనాడు దక్షిణాన తెరిచి ఉన్న ఒక బిలంలోంచి తియ్యటి గొంతు వచ్చింది. అది వేటగాడు పంజరంలో పెంచే కౌజుపిట్ట. తోటి పిట్టల్ని పిలిచి పట్టించడమే దాని బతుకు. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర. ఈ పిల్లకేం తెలుసు?

"రండమ్మా రండి! గింజలున్నాయి, పీతలున్నాయి, చల్లటి నీళ్లున్నాయి. తప్పిపోయిన పిల్లలూ రండి, మీ అమ్మలిక్కడే ఎదురుచూస్తున్నారు."

చెంగల్వ బిలానికి ఇంకా దగ్గరగా జరిగింది. "ఏ ఊరు మీది?"

"తాటితోపు తల్లీ, తాటితోపు!"

అమ్మ నోట విన్న చివరి ఊరు అదే! దిగవద్దన్న మాట గుర్తుంది. కానీ ఎందుకు దిగకూడదో మట్టిలో ఉండిపోయింది. అమ్మే అక్కడికి వచ్చి కూర్చుందేమో! నాకోసం ఎదురు వచ్చిందేమో! ఆశపడ్డ మనసుకు అబద్ధం అతికినంత గట్టిగా ఏదీ అతకదు. రెక్క దులుపుకుని లేచింది.

బండ కిందే ఉండే తాబేలు అవ్వ కాలికి అడ్డం పడింది. "ఎక్కడికే?"

"తాటితోపుకు అవ్వా. మా అమ్మ ఉందట."

"మీ అమ్మ గొంతు విన్నావా?"

"లేదు. ఉందని చెప్పారు."

"నా కూతుర్ని కూడా ఇలాగే ఎవరో తియ్యగా పిలిచారు" అంది అవ్వ. తల చిప్పలోకి లాక్కుని, కాసేపటికి బయట పెట్టింది. "సరే. ఆ బిలం మంచిదని వదిలిందెవరు?"

"నక్క మామ."

"అయితే వండినవాడే ముందు రుచి చూడాలి. పోయి పీతల సంగతి వాడి చెవిన వెయ్యి. తక్కిందంతా వాడి కడుపే చూసుకుంటుంది."

చెంగల్వ వెళ్లింది. "నక్క మామా, తాటితోపులో పీతలు కుప్పలట. నేను బయలుదేరుతున్నాను."

జంబయ్య దిగ్గున లేచాడు. "పీతలా? ఎవరు చెప్పారు?"

"నువ్వు సరి చూసి ఉంచిన బిలమే. చెడ్డ మాట ఒక్కటీ లేదు."

"లేకపోతే నమ్మొచ్చు. కానీ పసిదానివి, నువ్వు ముందు వెళ్లకూడదు. పెద్దవాణ్ణి, నేను చూసొచ్చి చెబుతా. అంతదాకా ఇక్కడే ఉండు!" ఆ మాట పూర్తయ్యేలోపే వాడి తోక తుప్పల్లో మాయమైంది.

పొద్దు వాలేవేళకు ఆ దక్షిణపు బిలంలోంచి జంబయ్య గొంతు వచ్చింది. వాడి జన్మలో నిజం చెప్పింది ఆ ఒక్కసారే.

"పంతులుగారూ! కాపాడండి! కాలూ తోకా ఉచ్చు..."

మట్టి!

"అది మీ యజమాని గొంతు!" అని అరిచింది చెంగల్వ.

"మాట వినబడింది, మట్టి పెట్టాం."

నందయ్య అంతా చూశాడు. మింగిన మాట ఇన్నాళ్లకు గొంతుకు అడ్డం పడింది. కొమ్ములు దించి బండ మీదికి నడిచాడు. కుమ్మరి పురుగులు ముఖమంతా కుట్టాయి. కన్ను వాచింది. ఆగలేదు. ముందు పడమటి బిలం మట్టి పగలగొట్టాడు, ఒక కొమ్ము మొన విరిగింది.

"పిలువమ్మా" అన్నాడు.

"అమ్మా! ఉన్నానమ్మా!"

నీళ్ల చప్పుడు. గాలి. చాలాసేపటికి ఒక ముసలి కొంగ గొంతు పలికింది. "ఎవరే నువ్వు? చెంగల్వవా? బతికే ఉన్నావా? మీ అమ్మ రోజూ పిలిచిందే! జవాబు లేకపోయేసరికి పిల్ల దక్కలేదనుకుంది. మొన్న గాలి మళ్లింది. గుంపుతో ఉప్పుటేరు వెంట వెళ్లిపోయింది."

చెంగల్వ బిలానికి చెవి ఇంకా గట్టిగా ఆనించింది. నందయ్య ఏదో అనబోయి, అనడానికి తనకు హక్కు లేదని ఊరుకున్నాడు.

"కొంగవ్వా, ఆ దారి చెబుతావా?" అంది చివరికి.

"చెబుతాను. తాటితోపులో వలలున్నాయి, పైనే దాటు. ఆ తర్వాత ఉప్పుటేరు పట్టుకో. అది ఎక్కడ సముద్రంలో కలుస్తుందో అక్కడిదాకా."

ఈసారి మాట తెగకుండా విన్నది. పక్కన ఎద్దు కూర్చుని తనూ విన్నాడు.

జంబయ్య బతికాడులే. కాలు ఎలాగో పీక్కుని, తోక ఉచ్చుకు వదిలి, కుంటుకుంటూ వచ్చి కుమ్మరి పురుగుల మీద పడ్డాడు. "దొంగల్లారా! నా కేక వినబడలేదా?"

"వినబడింది మామా. మాట వినబడింది, మట్టి పెట్టాం."

బడి అంతా పడి పడి నవ్వింది. వాడికి దాచుకోవడానికి తోక కూడా లేదు. ఆ నవ్వులో చెంగల్వ లేదు. అప్పటికే ఏటి మీద ఉంది. జంటగుట్టలు దాటింది. తాటితోపు మీద కౌజుపిట్ట తియ్యగా పిలిస్తే పైకి, ఇంకా పైకి లేచింది. నేల తెల్లబడి ఉప్పువాసన తగిలేసరికి, ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగలో వేల గూడబాతులు కనబడ్డాయి.

"అమ్మా! ఉన్నానమ్మా!" అని పిలిచింది.

ఎన్నో తలలు పైకి లేచాయి. అంత దూరం నుంచి, అందులో ఏ తల అమ్మదో చెంగల్వకు తెలియలేదు. రెక్కలు ముడిచి దిగసాగింది.

బిలానికి మట్టి కొట్టేవాడు కాపలాదారు కాడు, పిల్ల పక్కన కూర్చుని తనూ వినేవాడే కాపలాదారు.

ఇప్పుడు చెప్పు. మీ బడిలోనూ పిల్లల ముందు దూరదేశపు మాటలు వినిపించే అలాంటి బిలాలే తెరిచి పెట్టారే, వాళ్ల పక్కన కూర్చుంటున్నది నువ్వా, కుమ్మరి పురుగా?