సరుకు బండిలో పెళ్లికొడుకు

అనగనగా ఒక అడవి. అడవి మొత్తానికి ఒక్కటే రైలు దారి. ఆ దారి మధ్యలో ఉన్న స్టేషన్‌కి దంతయ్య అనే ఏనుగు స్టేషన్ మాస్టారు. గూడ్సు బండి వస్తే పక్క లైన్లో నిలబెట్టేసి, ప్యాసింజరు బండికి దారివ్వడం ఆయన పద్ధతి. ప్యాసింజర్లు అరుస్తారు, బస్తాలు అరవవు కదా మరి.

ఆ రోజు దంతయ్య కూతురు తామర పెళ్లి. తర్వాతి స్టేషన్లో పందిరి. పదకొండింటికి ముహూర్తం. తొమ్మిదింటికి ఒక గూడ్సు వచ్చి, ఎప్పటిలాగే పక్క లైన్లో ఆగింది. అందులో ఒక పెట్టె కిటికీలోంచి బాసికం కట్టిన ఏనుగు తల బయటికొచ్చింది.

“మామగారూ, నేనే, మేఘన్నని. సీట్లు విరుగుతాయని నన్ను సరుకు కింద రాసి ఇందులో ఎక్కించారు. బండిని కాస్త వదలండి.”

“ఇంట్లో నువ్వు అల్లుడివే నాయనా. రైల్లో మాత్రం సరుకువి. ప్యాసింజర్లు వెళ్లాక వదులుతా,” అన్నాడు దంతయ్య.

“పోనీ, దిగి నడిచి వెళ్తాను.”

“పెట్టెకి సీలు వేశారు. దిగాల్సిన స్టేషన్లోనే విప్పాలి.”

ఇంతలో మొదటి బండి వచ్చింది. దాన్నిండా కప్పల మేళం. “పెళ్లికి ఆలస్యమవుతోంది మాస్టారూ,” అని బెకబెకమన్నాయి. దంతయ్య పచ్చజెండా ఊపాడు. రెండో బండిలో వంట ఎలుగుబంట్లు. గరిటెలు చూపించి కేకలేశాయి. వాటినీ వదిలాడు. మూడో బండిలో చుట్టాలు, అంటే కోతులు. వాటికి తొందరేమీ లేదు, ఉన్నదల్లా ఆకలి. అయినా గోల పెట్టాయి. వాటికీ దారిచ్చాడు.

ప్రతిసారీ గూడ్సు వైపు తిరిగి, “ఈ ఒక్కటే నాయనా,” అనేవాడు. మేఘన్న కొత్త అల్లుడు. ఎదురు చెప్పడానికి మొహమాటపడ్డాడు.

పన్నెండింటికి దారి ఖాళీ అయింది. దంతయ్య టైము చూసుకోకుండానే సంబరంగా జెండా ఊపి, తనూ ఆ గూడ్సులోనే ఎక్కాడు.

వాళ్లు వెళ్లేసరికి పందిట్లో మేళం ఆగిపోయింది. కోతులు భోంచేసి చేతులు కడుక్కుంటున్నాయి. పీటల మీద తామర ఒక్కతే కూర్చుని ఉంది. బిడ్డ మొహం చూడగానే దంతయ్యకి ఏడుపొచ్చింది.

“అందర్నీ టైముకే పంపాను కదమ్మా,” అన్నాడు.

“అందరూ వచ్చారు నాన్నా. ముహూర్తమే వెళ్లిపోయింది. మళ్లీ శ్రావణంలోనట,” అంది తామర. “అప్పుడు మాత్రం నువ్వు సెలవు పెట్టు.”

నీతి: అందరిదీ ఒకే దారైనప్పుడు వంతు కూడా అందరికీ ఉండాలి. అరిచినవాళ్లకే దారిస్తూ పోతే, అరవనివాళ్లతో పాటు మన పనీ ఆగిపోతుంది.