ఎడబండ తల్లికి ఉడికిన చీర

సున్నపువాగు రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసే చోట, నీళ్ల నడుమ వెడల్పాటి నల్లబండ ఒకటి ఉంది. దాని మీద చిన్న రాతిగూటిలో ఎడబండ తల్లి కొలువై ఉంది. మూర్తి మూరెడుకు మించదు. ఆయుధాలు లేవు, వాహనం లేదు. ఎడమచేతిలో మడతపెట్టిన చీర, కుడిచేయి ముందుకు చాచి ఉంటుంది. ఎండాకాలంలో బండ దాకా పొడికాళ్లతో నడిచి పోవచ్చు. వానలు పడ్డాక మోకాలిలోతు నీళ్లు దిగాలి. పాచి పట్టి బండ అంచులు జారుతాయి కనుక పిల్లల చెయ్యి వదలకూడదు.

కొత్తగా వచ్చిన భక్తులు పట్టుచీర తెచ్చి, పూజారి వన్నూరప్ప దాన్ని తాకకపోతే చిన్నబుచ్చుకుంటారు. మొన్నటి జాతరలో ఒక పెద్దావిడ అడిగింది.

"అమ్మకు పట్టు గిట్టదా స్వామీ?"

"గిట్టదని కాదమ్మా. పట్టుచీర ఉడకబెడితే ఏమైతాదో నీకు తెల్సు గదా. తీసకపోయి నీ కోడలికి పెట్టు. ఆయమ్మ ముందు సంతోషపడితే ఈయమ్మ తర్వాత సంతోషపడతాది."

ఈ తల్లికి కట్టి కట్టి మెత్తబడిన నూలుచీర కావాలి. దాన్ని ఒడ్డున కానుగచెట్ల కింద ఉన్న పెద్ద ఇనుపబానలో, చౌడుమట్టి కలిపిన నీళ్లలో ఉడకబెట్టాలి. మంచినీళ్లలో జాడించి, వేడెక్కిన రాళ్ల మీద పెళపెళలాడేదాకా ఆరబెట్టాలి. గూటి దగ్గరికి పోయేముందు కొళాయి కింద మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. మన పెద్దల కాలంలో బూడిద వాడేవారు. జాతర పొద్దున బాన తెర్లుతుంటే లేచే ఆవిరి వాసన ఒకసారి పీల్చినవారు, ఎంత దూరాన ఉన్నా, ఎక్కడైనా ఎండలో ఆరిన బట్ట ముఖానికి తగిలితే ఈ వాగొడ్డునే తలుచుకుంటారు. ఈ ఆచారం ఎలా వచ్చిందో పెద్దలు చెప్పగా విన్నంతవరకు ఇక్కడ రాస్తున్నాం.

పూర్వం ఇక్కడ, వాగుకు పడమటి ఒడ్డున గొల్లల పల్లె ఒకటి ఉండేది. తూర్పు ఒడ్డున వాళ్ల గొర్రెల మంద. ఆ పల్లెలో ఓబులమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె పసితనంలో పెద్దమ్మవారు పోసింది. మశూచి అని చదువుకున్నవారు అనేది దాన్నే. ఆ జబ్బు ఓబులమ్మ తోబుట్టువులందరినీ తీసుకుపోయి, ఆమెను మాత్రం ముఖం నిండా మచ్చలతో వదిలింది. భర్త మద్దిలేటి ఆ మచ్చలు చూసి, "దుమ్ములో తొలకరి చినుకులు పడినట్టుంది నీ మొగం" అనేవాడు. ఆమెకు ఆ మాట ఇష్టం. వాళ్లకు కదిరి అని ఒక్కతే కూతురు. అప్పుడప్పుడే మాటలు కూడబలుక్కుంటున్న పిల్ల. తల్లి కొంగు పిడికిట్లో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంటేగాని నిద్రపోయేది కాదు.

ఆ ఏడు పల్లెలో ఒకాయన సంతకు పోయి, చౌకగా వచ్చిందని ఒక కంబళి కొని తెచ్చాడు. అది అంతకుముందు ఎవరు కప్పుకున్నదో అడగలేదు. పక్షం తిరగకుండా ఆ ఇంట్లో జ్వరం తగిలి, ఒళ్లంతా పొక్కులు లేచాయి. అమ్మవారు పోసిందని గడపకు వేపమండలు కట్టారు, అంబలి పోశారు, జాతర చేస్తామని మొక్కుకున్నారు. జబ్బుపడిన ఇంటికి పోయి పలకరించకపోతే తప్పుపట్టే కాలమది. మంచం పట్టెమీద కూర్చుని, నొసటి మీద చెయ్యి వేసి, ఆ ఇంటి చెంబుతోనే నీళ్లు తాగి వచ్చేవారు. పలకరింపు ఏ గడప దాటితే జబ్బూ ఆ గడప దాటింది.

చివరికి పెద్దలు కూర్చుని, జ్వరం తగలని పిల్లలను వాగు దాటించి మంద దగ్గర ఉంచాలని తీర్మానించారు. వాళ్లను చూసుకోవడానికి ఓబులమ్మ తల్లి సాలమ్మ ఒప్పుకుంది. ఆమెకూ చిన్నప్పుడే పోసింది. ఒకసారి పోసినవాళ్ల జోలికి ఆ జబ్బు మళ్లీ రాదని అందరికీ తెలుసు. ఓబులమ్మ కూడా బిడ్డతో పాటు పోవలసిందే. కానీ ఆ ఉదయమే మద్దిలేటికి ఒళ్లు కాలిపోయింది. కదిరి అవ్వ చంకలో ఏడుస్తూ వాగు దాటింది. ఓబులమ్మ ఇవతలి ఒడ్డున నిలబడిపోయింది.

మనుషులు వాగు దాటకూడదన్నది పెద్దల మాట. మందవాళ్లు పాలూ జొన్నపిండీ తెచ్చి నడుమ బండ మీద పెట్టి వెనక్కి పోయేవారు. వాళ్లు ఒడ్డెక్కాక ఇవతలివాళ్లు పోయి తీసుకునేవారు. ఎవరికి వారు ఎడం పాటించిన బండ కాబట్టి దానికి ఎడబండ అని పేరు వచ్చింది. అయితే మనుషుల సంగతి ఆలోచించినవారు వస్తువుల సంగతి ఆలోచించలేదు.

రోజూ పొద్దు వాలేవేళకు ఓబులమ్మ ఒడ్డుకు వచ్చి "కదిరీ" అని పిలిచేది. అవతల నుంచి "ఓ" అని సన్నగా వినిపించేది. ఆ ఒక్క పలుకు విని ఇంటికి పోయి, మళ్లీ మద్దిలేటి పక్కన కూర్చునేది. మంచం దిగలేని ఇరుగుపొరుగుకు గంజి పోసేది. ఒక సాయంత్రం సాలమ్మ అవతలి నుంచి కేకేసింది.

"మ్మేయ్ ఓబులీ, అల్లుడెట్లుండాడే?"

"అట్లే ఉండాడమ్మా. పాప తింటాందా?"

"తింటాంది. పండుకునేకాడే పేచీ. నీ కొంగు కావాలంట. నా కొంగిస్తే పొగాకు కంపంటాది నీ కూతురు."

"పొగాకు మానుకోరాదా?"

"మానుకుంటాలే. ముందు నువ్వు కట్టి విడిచిన చీరొకటి బండ మీద పెట్టు. పిల్ల కండ్లు గుంటలు పడినాయి. వాసన పట్టుకోనైనా పండుకుంటాది."

మర్నాడు ఓబులమ్మ తాను ఎక్కువగా కట్టే నీలిచీరను విడిచి మడతపెట్టింది. బిడ్డను ఎత్తుకుని తిరిగిన చీర అది. మద్దిలేటి కళ్లు విప్పి ఎక్కడికని అడిగాడు.

"పాపకు చీర ఇయ్యను పోతాండా."

"నా తువ్వాల గూడా పెట్టు" అన్నాడు. "లేకుంటే నన్ను మరిసిపోతాది."

ఆమె రెండూ చంకన పెట్టుకుని వాగొడ్డుకు వచ్చింది. మిట్టమధ్యాహ్నం. రాత్రులు నిద్రలేని మనిషి కావడంతో కానుగనీడలో కూర్చోగానే రెప్పలు వాలాయి. కలలో నడుమ బండ మీద ఒక ముసలామె బట్టలు ఉతుకుతూ కనిపించింది. మోచేతుల దాకా తడి. ఆమె తలెత్తకుండానే అడిగింది.

"ఏం తెచ్చినావమ్మా?"

"నా బిడ్డకు చీర తల్లీ."

"విప్పు."

ఓబులమ్మ చీర విప్పింది. ముసలామె ఒక కొస పట్టుకుంది.

"ఈ చెరుగుతో ఏం తుడిచినావు?"

"మా ఆయన నొసలు."

"ఈ అంచుతో?"

"పక్కింటామెకు పొక్కు చితికి కారతాంటే అద్దినా."

"ఈ నడుమ?"

"ఏడుపొచ్చి నా కండ్లు తుడుచుకున్నా."

"నీ కన్నీళ్లు మాత్రం పంపి, తక్కినవి ఇంట్లో పెట్టుకోవడం నీకు చాతనైతాదా?"

ఓబులమ్మ ధైర్యం తెచ్చుకుని అంది. "జబ్బు పోసేది నువ్వే అంటారు గదా తల్లీ. నీ చిత్తం ఎట్లుంటే అట్ల జరుగుతాది."

"అంతా నా మీద ఏస్తే మీకు సులువు. సంతలో కంబళి కొన్నది నేనా? జబ్బు మనిషి చెంబు ఎత్తి తాగింది నేనా? దానికి కాళ్లు లేవు. మీ చేతుల్లో, మీ బట్టల్లో కూర్చోని పోతాది. నన్ను ఈ బండ మీద కూర్చోబెట్టు. అడ్డం కూర్చుంటా."

ఉడికేదాన్ని ఉడకబెట్టమని, ఉడకనిదాన్ని కాల్చమని చెప్పింది. జబ్బుమనిషిని ముట్టిన చెయ్యి బూడిదతో కడిగితేగాని కుండను ముట్టరాదని, పలకరించేవాళ్లు వాకిట్లో నిలబడి పలకరించాలని చెప్పింది. ఓబులమ్మ ఒక్కటే అడిగింది. "ఉడకబెడితే నా వాసన పోతాది గదా తల్లీ?"

ముసలామె చీర మడతపెట్టి ఆమె చేతికే తిరిగి ఇచ్చింది.

మెలకువ వచ్చేసరికి చీరా తువ్వాలా ఒళ్లోనే ఉన్నాయి. చీరను ముక్కు దగ్గర పెట్టుకుంది. పాలు, పొయ్యిపొగ, తన చెమట, బిడ్డ తలనూనె. ఆ వాసన కోసమే పిల్ల ఏడుస్తోంది. నాలుగడుగులు వేసి బండ మీద పెట్టేస్తే ఈ పూట కదిరి కంటినిండా నిద్రపోతుంది. ఎవరూ తప్పుపట్టరు. ఓబులమ్మ చాలాసేపు అక్కడే కూర్చుంది. తర్వాత లేచి, ఒడ్డున బట్టలుతికే బాన కడిగి, నిప్పు రాజేసింది. తువ్వాలకు రసి పట్టి అట్టకట్టింది. దాన్ని మంటలో వేసింది. చీరను చౌడు కలిపి బానలో వేసింది.

ఇంటికి పోగానే మద్దిలేటి అడిగాడు. "పెట్టినావా?"

"నీ తువ్వాల కాల్చేసినా."

అతను కొంచెంసేపు వాసాల వైపు చూశాడు. "మంచిపని చేసినావు" అన్నాడు.

ఎండలో ఆరిన చీరను, చేతులు కడుక్కుని, బండ మీద పెట్టి వచ్చింది. సాయంత్రం సాలమ్మ కేకలో కోపం ఉంది.

"విసిరికొట్టిందే నీ చీరను. మా అమ్మది కాదంటాంది. వాసనంతా పోగొట్టి పంపితివి గదే. దానికన్నా నా పొగాకు కొంగే నయం."

ఓబులమ్మకు పంపడానికి ఇంకేమీ మిగల్లేదు. అలాగే ఒడ్డున కూర్చుని పిలవడం మొదలుపెట్టింది. "కదిరీ." "ఓ." "చీర కప్పుకున్నావా?" జవాబు లేదు. "కదిరీ." "ఓ." "అది నాదేనమ్మా, ఎండలో ఆరేసినా." పిలుపుకూ పిలుపుకూ మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. పలుకు సన్నబడుతూ వచ్చింది. ఇక పలుకు రాలేదు. అవతలి నుంచి సాలమ్మ గొంతు తగ్గించి, "పండుకుందిలే, పో" అంది. ఆ రోజు మొదలు ప్రతి సాయంత్రం అదే పని. బిడ్డ చీర కప్పుకుని, తల్లి గొంతు వింటూ నిద్రపోయేది.

ఓబులమ్మ తన కల సంగతి పల్లెకు చెప్పింది. కొందరు నమ్మారు, కొందరు అమ్మవారికి అపచారమని భయపడ్డారు. సంతకంబళి కొన్న ఇంటి ఇల్లాలే ముందుగా కంబళి తెచ్చి మంటలో వేసింది. ఆమె ఇంట్లో అప్పటికే పోవలసినవాళ్లు పోయారు. తర్వాత ఒక్కొక్కరూ బాన దగ్గరికి వచ్చారు. పలకరింపులు వాకిళ్లలోకి మారాయి. కొత్తగా మనుషులు పడకేయడం తగ్గుతూ వచ్చి, ఒకనాటికి ఆగిపోయింది. మద్దిలేటి మాత్రం దక్కలేదు. అతన్ని సాగనంపిన సాయంత్రం కూడా ఓబులమ్మ స్నానం చేసి, ఒడ్డుకు వచ్చి, గొంతు వణకకుండా పిలిచిందని చెబుతారు.

ఆఖరి మనిషికి ఆఖరి పొక్కు రాలి, తలకు నీళ్లు పోసేదాకా ఆమె వాగు దాటలేదు. "నీకు రాదు గదా, ఎప్పుడో రావచ్చు గదా" అని సాలమ్మ పోరింది. "నాకు రాదు. నాతో వస్తాది" అని ఓబులమ్మ జవాబు చెప్పింది. చివరికి ఉన్నవన్నీ ఉడకబెట్టి, ఉడికిన చీరొకటి కట్టుకుని బండ దాకా నడిచింది. కదిరి అవ్వ కాళ్ల వెనక దాక్కుంది. తల్లి చిక్కి సగమైంది. తలనూనె లేదు, పాలవాసన లేదు. పిల్ల ముఖం గుర్తుపట్టలేకపోయింది. మెల్లగా వచ్చి, ఆమె కొంగు పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుంది. చౌడు, ఎండ. ఇన్నాళ్లూ తాను కప్పుకుని నిద్రపోయిన వాసన. "అమ్మ" అంది.

మరుసటి ఎండాకాలం వాగు ఎండినప్పుడు, గొర్రెలు తోలుకుపోతున్నవారికి ఆ బండ పక్కన ఇసుకలో ఇప్పుడున్న మూర్తి దొరికింది. చేతిలో మడతచీర చూసి ఓబులమ్మే తన చేతులతో బండ మీద నిలబెట్టింది. ఆ తల్లి కలలోకి వచ్చిన ముసలామె అని కొందరంటారు. ఓబులమ్మే అని కొందరంటారు. పూజారిని అడిగితే, "ఇద్దరూ ఉతికినోళ్లే గదా" అంటాడు.

ఆ మహమ్మారి ఇప్పుడు లోకంలోనే లేదు. అయినా ఆచారం నిలిచింది. ఉడికిన చీరను భక్తులు బండ మీద పెట్టి వెనక్కి రావాలి. వారు ఒడ్డెక్కాక పూజారి పోయి తీసుకుంటాడు. సగం చించి ప్రసాదంగా తిరిగి ఇస్తాడు. తక్కిన సగం ఈ చుట్టుపక్కల పుట్టిన పసిబిడ్డలకు పొత్తిగుడ్డలవుతుంది. బాలింతను చూడవచ్చినవారు వాకిట్లో చేతులు కడుక్కోనిదే బిడ్డను అందుకోరు. జాతరనాడు కానుగచెట్ల కింద నర్సమ్మలు పిల్లలకు టీకాలు వేస్తారు. జలుబూ జ్వరమూ ఉన్నవారు గూటి దాకా పోనక్కరలేదు. ఒడ్డున నిలబడి మొక్కినా తల్లికి చేరుతుంది.

చివరి మొక్కు పిలుపు. పొద్దు వాలేవేళ పడమటి ఒడ్డున నిలబడి బిడ్డను పేరు పెట్టి పిలవాలి. ఆ బిడ్డ చదువుకో కొలువుకో ఏ దేశంలో ఉన్నా సరే. తూర్పు ఒడ్డున ఆ సమయానికి ఎవరుంటే వారు, తమ పేరు కాకపోయినా, "ఓ" అని పలకాలి. ఎవరూ లేనినాడు వన్నూరప్పే పలుకుతాడు. తాను ఎంతమందికి బిడ్డనో తనకే తెలియదని నవ్వుతాడు. ఈ తల్లిని నమ్మి ఎడం పాటించినవారి బిడ్డలు చల్లగా ఉంటారని, దూరాన ఉన్నవారు క్షేమంగా దరి చేరతారని నమ్మకం. ఒక్క నియమం మాత్రం మరవకూడదు. పిలిచి వెంటనే వెనుదిరగరాదు. అవతలి నుంచి పలుకు వినిపించేదాకా నిలబడాలి.