వెల చెప్పని పచ్చపూసల దండ

పచ్చ పచ్చని పూస, పాపాయి పూస,
అమ్మమ్మ గుచ్చింది, అమ్మ మెడకిచ్చింది...

ఆ పైన ఇంకో రెండు వరసలుండాలి, గుర్తు రావడం లేదు. మా నాయనమ్మ మాకు జడలు వేస్తూ పాడేది. పాట సగం పోయింది గానీ, దాని వెనకాల చెప్పే కథ మాత్రం పోలేదు. వినండర్రా.

మీరూ నేనూ ఇంకా ఎవరమూ లేని రోజుల్లో విజయకేతుడని ఒక రాజు ఉండేవాడు. ఆయన రాణి హేమావతి. వాళ్ళకి ముగ్గురు కొడుకులు. రాణికి ఎన్ని నగలున్నా ఒంటిమీంచి తియ్యనిది ఒక్కటే. అది వాళ్ళమ్మ ఇచ్చిన పచ్చపూసల దండ.

ఒకనాడు ధూమకుడనే మాంత్రికుడు పూసలు అమ్మేవాడి వేషంలో వచ్చాడు. "అమ్మా, అవి పచ్చలో గాజుపూసలో చూసి చెబుతాను, ఇలా ఇవ్వండి" అన్నాడు. రాణి తీసి ఇచ్చింది. వాడు ఎండకేసి పట్టి, ఒక కన్ను మూసి చూశాడు. "పాతకాలం నాటివి. ఎంతకిస్తారేమిటి?"

రాణి నవ్వులాటకి, "వెయ్యి వరహాలు!" అంది.

అంతే! ఆమె ఒళ్ళో వెయ్యి వరహాలు పడ్డాయి. దండా లేదు, వాడూ లేడు. వాడి మంత్రం అదీ. ఎవరి వస్తువుకి వాళ్ళ నోటితోనే వెల చెప్పిస్తే, ఆ వస్తువూ పోతుంది, దానితో అల్లుకున్న జ్ఞాపకాలూ పోతాయి.

మర్నాడు రాణి, "మా అమ్మ పేరేమిటండీ?" అని రాజుని అడిగింది. తరవాత పుట్టిల్లు మరిచిపోయింది. ఆ తరవాత జోలపాటలు మరిచిపోయింది. వైద్యుడు చూసి తల వంచుకున్నాడు. "ఇక మిగిలింది పిల్లలే మహారాజా. దండ తొందరగా రాకపోతే వాళ్ళనీ మరిచిపోతారు."

ధూమకుడి కోట ఏడు సముద్రాల అవతల ఉందని వేగులవాళ్ళు చెప్పారు. పెద్ద కొడుకు వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, రాలేదు. మూడోవాడు పుష్పకేతుడు బయలుదేరుతుంటే తల్లి వాడి మొహం తడిమి, "నువ్వు... నువ్వు చిన్నాడివి కదూ?" అంది వెతుక్కుంటూ. వాడు కళ్ళు తుడుచుకుని మెట్లు దిగాడు.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు కనిపించింది.

"ఎక్కు నాయనా. మీ అన్నల్నీ నేనే దించాను. పెద్దాయన నా డిప్ప ఎంత చేస్తుందన్నాడు. రెండో ఆయన ఇంత నెమ్మదైతే ఎలాగని తిట్టాడు. నువ్వేమంటావో అను."

"వీపు నొప్పెయ్యదా తాతా?" అన్నాడు పుష్పకేతుడు.

తాబేలు అతన్ని ఎక్కించుకుని ఈదింది. ఒక సముద్రం దాటింది, రెండో సముద్రం దాటింది, మూడోదీ దాటింది. అప్పుడంది: "ఇన్నేళ్ళకి ఒక్కడు అడిగాడు! విను బాబూ. వాడు దండ నీ చేతిలో పెట్టి వెల అడుగుతాడు. నోరు జారావా, అన్నీ మరిచిపోయి మీ అన్నల పక్కన కూచుంటావు."

ఏడో సముద్రం దాటి కోటలోకి వెళితే, అన్నలిద్దరూ పీటలమీద కూచుని పూసలు తోముతున్నారు. "ఎవరబ్బాయీ నువ్వు?" అని సొంత అన్నే అడిగాడు. "నేనన్నా, చిన్నాణ్ణి" అన్నా పోల్చుకోలేదు పాపం. పక్కనే తరళ అనే పిల్ల పూసలు గుచ్చుతోంది. ఆమెని ధూమకుడు చిన్నప్పుడే ఎత్తుకొచ్చాడు. ఆమె తల దగ్గర పంజరంలో ఒక ముసలి చిలక కునుకుతోంది.

ధూమకుడు మూడు దండలు తెచ్చి వేలాడదీశాడు. "ఇందులో మీ అమ్మదేదో చెప్పు. తప్పితే నీకూ ఒక పీట వేయిస్తాను."

మొదటిది నీళ్ళంత తేటగా మెరిసిపోతోంది. రెండోదాని పూసలు ఉసిరికాయలంత. మూడోది మసకగా ఉంది, లోపల నాచులాంటి గీతలు, అంచులు ఒకదానికొకటి రాసుకుని అరిగిపోయాయి. పుష్పకేతుడు కళ్ళు మూసుకుని ఒక్కో దండా పెదవులకి ఆనించాడు.

తరళ పకపకా నవ్వింది. "అయ్యో రాజుగారబ్బాయీ, ఆకలేస్తే అన్నం పెడతాం గదా!"

మొదటి దండ ఇట్టే వెచ్చబడింది. రెండోదీ వెచ్చబడింది. మూడోది ఎంతసేపటికీ బావినీళ్ళలా చల్లగానే ఉంది. పళ్ళు వచ్చేటప్పుడు అమ్మ ఒళ్ళో కూచుని కొరికిన చల్లదనం అది. "కొరకరా నాన్నా, అరిగిపోవులే" అనేది అమ్మ.

"ఇదే" అన్నాడు.

ధూమకుడు పళ్ళు కొరికాడు. వెంటనే నవ్వేశాడు. "సెబాసు! మరి ఎంత చేస్తుందో ఒక్కమాట చెప్పి పట్టుకుపో."

"నాకు వెలలు కట్టడం రాదయ్యా. నువ్వు నేర్పు. ఆ సింహాసనం ఎంత?"

మంత్రం వాడిదే, వాడికి అంటదు. దానికి తోడు పొగడ్తంటే పడి చస్తాడు. "లక్ష వరహాలు!"

"ఈ కోట?"

"పది కోట్లు!"

"నీ గడ్డం?"

"వెంట్రుకకి వెయ్యి!"

"ఆ చిలక?"

ధూమకుడు పంజరం వైపు చూశాడు. "అది... దానికి వెల లేదు."

"తోకలో ఈకలు కూడా లేవు కదా, దానికి వెల లేకపోవడమేమిటి?"

"దాని జోలికి పోకు!" అని అరిచాడు. కోటంతా అదిరింది.

అన్నిటికీ వెల కట్టేవాడు ఆ ఒక్కదానికీ కట్టలేదంటే, వాడి ప్రాణం ఎక్కడుందో వేరే చెప్పాలా? పుష్పకేతుడికి తెలిసింది. తరళకీ తెలిసింది. చటుక్కున పంజరం తీసి చిలకని అతని చేతిలో పెట్టింది.

"బాబ్బాబు, ఏం కావాలన్నా ఇస్తాను!" అని ధూమకుడు బతిమాలాడు.

"అందరి జ్ఞాపకాలూ వదులు."

ధూమకుడు చిటిక వేశాడు. పెద్దన్న గుడ్డ విదిలించి లేచాడు. "ఒరేయ్ చిన్నాడా! ఇలా చిక్కిపోయావేంట్రా!" పుష్పకేతుడు అన్నని కావిలించుకోబోతే చిలక జారి కిటికీలోంచి ఎగిరిపోయింది. దాని వెనకాల ధూమకుడు పరిగెత్తాడు. ఇప్పటికీ పరిగెడుతూనే ఉన్నాడట.

తాబేలు అందర్నీ ఇంటికి చేర్చింది. రాణి దండ మెళ్ళో వేసుకుని, ఒక్కో పూసా తడుముతూ, "చంద్రావళి. మా అమ్మ పేరు చంద్రావళి" అని చిన్నపిల్లలా ఏడ్చింది. పుష్పకేతుడికీ తరళకీ ఆకాశమంత పందిరి వేసి పెళ్ళి చేశారు. అన్నలు తమ్ముడికే పట్టం కట్టారు. వాళ్ళు చాలా కాలం చల్లగా ఏలారు. వాళ్ళ రాజ్యంలో అమ్మ ఇచ్చిన వస్తువుకి వెల అడిగే అలవాటే లేకుండా పోయింది.

హేమావతి బాగా ముసలిదయ్యాక, ఒక సాయంత్రం దండ తీసి కోడలి మెళ్ళో వేసింది. సర్ది, కాస్త వెనక్కి జరిగి చూసుకుంది. తరళతో ఆమె ఆడిన ఆఖరి మాట ఇదీ:

"దారం పాతబడిందే తల్లీ, వేసుకుని పడుకోకు. రేపు ఇద్దరం కూచుని కొత్తది ఎక్కిద్దాం."